గార పని నుంచి గోడ కవచం దాకా



గోడలకు చెవులుంటాయని మన పెద్దలు అన్నారు. చెవుల సంగతి ఎలా ఉన్నా, గోడలకు చర్మం ఉంటుందన్నది మాత్రం నిజం. ఆ చర్మమే పూత. ఎండకైనా, వానకైనా, వడగాలికైనా ముందుగా ఒళ్లు అప్పగించేది అదే. కోట ఎవరు కట్టించారో శాసనాలు చెబుతాయి. గుడి ఎవరు కట్టించారో స్థలపురాణాలు చెబుతాయి. గోడకు పూత పూసినవాడి పేరు మాత్రం ఎక్కడా కనిపించదు. ఆ పేరులేని పనివాడి చరిత్రను, అతని ముందుకు ఇప్పుడు వచ్చిన ఒక కొత్త పనిని గురించి ఈనాటి ప్రసంగంలో ముచ్చటించుకుందాం.

ఈ విషయం నా తలలో పడడానికి నా పాత విద్యార్థి ఒకడు కారణం. ఎనిమిదో తరగతితో చదువు మానేసి తండ్రి వెంట తాపీ పట్టినవాడు. ఒక వేసవి సాయంత్రం ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని అడిగాడు. "సార్, మా ఊరికి ఒక ఏజెంటు వచ్చిండు. దుబాయిలో గోడలకు బయటి నుంచి థర్మాకోలు అతికించి, దాని మీద పూత పూసే పని ఉన్నదట. మంచి జీతమట. ముందుగా డబ్బు కట్టమంటున్నడు. గోడకు థర్మాకోలు ఏంది సార్? ఇది నిజం పనేనా, నాలుగు రోజుల ముచ్చటనా?"

నేను సాంఘికశాస్త్రం చెప్పుకునేవాణ్ణి. తాపీ పట్టిన చెయ్యి కాదు నాది, సుద్దముక్క పట్టిన చెయ్యి. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. "ఒక వారం ఆగు నాయనా, డబ్బు మాత్రం అప్పుడే కట్టకు" అని పంపించాను. ఆ వారంలో నేను చదివినదీ, పెద్దలను అడిగి తెలుసుకున్నదీ, అతనికి చెప్పినదీ ఇప్పుడు మీకు చెబుతున్నాను.

ముందుగా మన గోడల కథ. రాయచూరు కోటను చూడని శ్రోతలు మీలో తక్కువమందే ఉంటారు. కాకతీయుల సేనాని గోన విఠలుడు 1294లో కట్టించిన లోపలి కోట గోడను దగ్గరగా చూడండి. పెద్ద పెద్ద రాళ్లను చెక్కి, ఒకదానిమీద ఒకటి పేర్చారు. నడుమ సున్నం లేదు, మట్టి లేదు. బరువే దానికి బంధం. శత్రువును ఆపడానికి ఆ గోడ సరిపోయింది. అయితే మనిషి కాపురం ఉండే ఇంటికి శత్రువు ఒక్కడే కాదు. మన రాయచూరులో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలు. ఆ ఎండను ఆపడానికి కోటగోడ చాలదు. దానికి వేరే విద్య కావాలి.

ఆ విద్య మన పల్లెల్లో ఉండేది. కృష్ణకు, తుంగభద్రకు నడుమ ఉన్న ఈ అంతర్వేదిలో పాత ఇళ్లు తలచుకోండి. మూరెడు, రెండు మూరల మందపు గోడలు. పైన దూలాలు, వాటి మీద కట్టెలు, ఆకూ అలమూ పరిచి, మీద మందంగా మట్టి వేసి, ఆ పైన చవుడు కొట్టిన మిద్దె. కన్నడంలో మాళిగె మనె అంటారు. పొద్దుటి ఎండ గోడలోకి దిగి లోపలి వైపుకు చేరేసరికి పొద్దుగూకేది. అప్పటికి మనం మంచాలు బయట వాల్చుకుని ఆకాశం కింద పడుకునేవాళ్లం. వేడిని గోడ పూర్తిగా ఆపేది కాదు, ఆలస్యం చేసేది. ఆ ఆలస్యంలోనే మన సుఖం ఉండేది.

మరి ఆ గోడలకు పూత పూసిన మేస్త్రీలు ఎవరు? మన అమ్మలు, అమ్మమ్మలు. ఎర్రమన్ను, పేడ, పొట్టు కలిపి, కాళ్లతో తొక్కి, అరచేత్తో గోడకు మెత్తేవారు. ప్రతి పండుగకూ అలికేవారు. దానికి కూలీ లేదు, లెక్క లేదు, మేస్త్రీ అన్న పేరూ లేదు. పూత పని చరిత్ర రాసేవారు ఎవరైనా సరే, మొదటి పుటలో ఆ చేతులకు నమస్కారం పెట్టాలి.

తరవాతి అధ్యాయం సున్నానిది. బహమనీ సుల్తానులు, బిజాపురం ఆదిల్‌షాహీలు, గోలకొండ కుతుబ్‌షాహీలు ఏలిన కాలంలో దక్కనులో సున్నపు పని ఒక గొప్ప కళగా ఎదిగింది. 1591లో కట్టిన హైదరాబాదు చార్మినారును చూడండి. రాతికట్టడం మీద కనిపించే పువ్వులు, లతలు, తోరణాలు చాలా వరకు సున్నపు గచ్చుతో తీర్చినవే. ఆ సున్నం ఊరికే నీళ్లు పోసి కలిపినది కాదు. సున్నపురాయి కాల్చాలి, నీళ్లలో చల్లార్చాలి, రోజుల తరబడి నానబెట్టాలి. ఆ తరవాత ఇసుక చేర్చి, గుండ్రటి కాలువలో ఎద్దులు తిప్పే రాతిచక్రం కింద వెన్నలా నలగగొట్టాలి. అదే డంగు సున్నం. బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు, మారేడు గుజ్జు, చోటును బట్టి కోడిగుడ్డు సొన, ఇవన్నీ కలిపేవారు. ఎక్కడ ఏది ఎంత కలపాలో మేస్త్రీకి తెలుసు. అతని తండ్రి నేర్పాడు. కాగితం మీద మాత్రం ఎవరూ రాసుకోలేదు.

ఇక్కడ మా తరగతిగదిలో జరిగిన ఒక ముచ్చట చెప్పాలి. సున్నపు పూతను తెలుగులో గార అంటాం, కన్నడంలో గారె అంటారు. ఒకసారి కన్నడ పాఠంలో 'గారె కెలస' అన్న మాట వచ్చింది. తెలుగు ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు గొల్లున నవ్వారు. గారెలు వండే పని అనుకున్నారు. నవ్వనిచ్చి, తరవాత చెప్పాను. "మీలో సగంమంది తాతలు ఆ గారెలు వండే పెంచారురా మీ నాన్నలను!" అని. సరిహద్దు రెండు రాష్ట్రాలను విడదీసిందే గాని, ఈ పనివాడి మాటను విడదీయలేకపోయింది. 1956 నవంబరు 1కి ముందు గద్వాల, ఆలంపురం తాలూకాలు కూడా మన రాయచూరు జిల్లాలోనివే కదా. మేస్త్రీలు అటూ ఇటూ తిరిగి పని చేసుకునేవారు. గుండు అదే, తాపీ అదే, గార అదే.

సున్నానికి చివరి పెద్దపండుగ మన పెరట్లోనే జరిగింది. 1945 ఫిబ్రవరిలో తుంగభద్ర ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. ఒక గట్టున హైదరాబాదు సంస్థానం, ఒక గట్టున మద్రాసు ప్రభుత్వం. 1953 నాటికి నీళ్లు నిలిచాయి. అంత పెద్ద రాతికట్టను ప్రధానంగా సున్నం, సుర్కీ కలిపిన గారతోనే కట్టారు. సుర్కీ అంటే కాల్చిన మట్టిని, ఇటుకను నూరిన పొడి. ఇవాళ్టికీ మన సింధనూరు, మాన్వి పొలాలకు వచ్చే ప్రతి నీటి చుక్కా ఆ సున్నపు పనివారి చేతుల మీదుగానే వస్తున్నదని అనుకోవచ్చు.

అయితే చరిత్రలో ఒక వింత ఉంటుంది. ఏ నీటిని సున్నం నిలబెట్టిందో, ఆ నీళ్లు తెచ్చిన సంపదే సున్నాన్ని ఇంటి నుంచి వెళ్లగొట్టింది. ఎడమగట్టు కాలువ కింద వరి పండింది. కోస్తా జిల్లాల నుంచి తెలుగు రైతులు వచ్చి క్యాంపులు వేసుకున్నారు. చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. డబ్బు ఆడిన చోట సిమెంటు మిద్దె లేచింది.

సిమెంటు మనకు దూరపు చుట్టమేమీ కాదు. నైజాం రాజ్యంలో, పక్కనే ఉన్న గుల్బర్గా జిల్లా షాబాదులో 1920ల్లోనే సిమెంటు కార్ఖానా వెలిసింది. కాని చాలాకాలం అది సామాన్యుడి చేతికి అందలేదు. ధరా, పంపిణీ రెండూ ప్రభుత్వం చేతిలో ఉండేవి. పది బస్తాల సిమెంటు కోసం పర్మిట్టు పట్టుకుని తిరిగిన రోజులు మీలో పెద్దవారికి గుర్తుంటాయి. 1982లో ఆ కట్టుబాటు కొంత సడలింది. 1989 మార్చి నుంచి పూర్తిగా తొలగిపోయింది. ఆ తరవాత ఊరూరా సిమెంటు దుకాణాలు, ఊరూరా స్లాబు ఇళ్లు. చవుడు మిద్దె పేదరికానికి గుర్తు అయింది, స్లాబు పరువుకు గుర్తు అయింది.

స్లాబు వానకు కురవదు, చెదలు పట్టదు, ఏటేటా మట్టి వేయనక్కరలేదు. ఆ మేలు కాదనలేం. కాని ఎండ మాటేమిటి? నాలుగైదు అంగుళాల కాంక్రీటు, తొమ్మిది అంగుళాల ఇటుక గోడ, కొన్ని చోట్ల నాలుగున్నర అంగుళాల గోడ. పగలంతా తాగిన వేడిని సరిగ్గా మనం పడుకునే వేళకు ఇంట్లోకి వదలడం మొదలుపెడతాయి. రాత్రి పదింటికి గోడకు చెయ్యి ఆనిస్తే ఇంకా వెచ్చగానే ఉంటుంది. పైన పంకా తిరుగుతుంది. తిరిగేది వేడిగాలే.

పనివాడికి జరిగినది ఇంతకన్నా పెద్దది. మా విద్యార్థి తాత డంగు సున్నం మేస్త్రీ. ఆయన మాట మీద సున్నం కదిలేది. సిమెంటు వచ్చాక ఆయన విద్యకు వెల లేకుండాపోయింది. తండ్రి సిమెంటు పూత నేర్చుకోవడంలో ఆలస్యం చేశాడు. దాంతో కొన్నేళ్లు ఇంకొకరి కింద మాలు మోసే కూలీగా బతికాడు. మేస్త్రీ కొడుకు తట్ట మోశాడు! సిమెంటు పూతలో నేర్పు లేదని కాదు. గుండు వేసి, పట్టీలు తీసి, బద్ద లాగి, అద్దంలా నున్నగా చేయడం చిన్న పని కాదు. కాని ఆ పనికి చదరపు అడుగుకు ఇంత అని రేటు కట్టారు. ఎంత తొందరగా పూస్తే అంత కూలీ. గోడ చల్లగా ఉందా, వేడిగా ఉందా అన్నది ఇక పూతవాడి లెక్కలోనిది కాదు. అలా గోడను కాపాడేవాడు గోడను నునుపు చేసేవాడుగా మిగిలాడు.

పాత విద్య అవసరం మళ్లీ రాలేదా అంటే, వచ్చింది. 2019 మే నెలలో చార్మినారు మీనారు ఒకదాని నుంచి గచ్చు పెచ్చు ఊడిపడింది. అటువంటి కట్టడానికి సిమెంటు పనికిరాదు. సున్నపు కట్టడం తేమను పీల్చి వదులుతుంది. దానిమీద బిగువైన సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుకుని రాతినీ, గచ్చునూ తినేస్తుంది. అందుకే దాన్ని సున్నపు గారతోనే బాగుచేయాలి. మా విద్యార్థి తాత ఉండి ఉంటే అక్కడ పెద్ద మేస్త్రీ అయ్యేవాడేమో!

ఇక థర్మాకోలు సంగతికి వద్దాం. ఆ ఏజెంటు పని గురించి చెప్పినది అబద్ధం కాదు. 1950ల్లో జర్మనీలో ఈ పద్ధతి మొదలైంది. అక్కడివారి బాధ చలి. ఇంటి గోడకు బయటి నుంచి తేలికైన నురగ పలకలు అతికించి, వాటిమీద జాలీ పరిచి, పలుచగా పూత పూస్తే లోపలి వెచ్చదనం బయటకు పోదని కనిపెట్టారు. 1969లో అమెరికాకు వెళ్లింది. 1973లో చమురు ధర మండిపోయినప్పుడు వంటచెరకు కరువైన ఇల్లాలిలా ఐరోపా దేశాలన్నీ పొదుపు వెతుక్కున్నాయి. ఆ వెతుకులాటలో ఈ గోడ కవచం బాగా వ్యాపించింది.

చలిని ఆపేది ఎండను కూడా ఆపుతుంది. ఉన్ని కంబళిలో మంచుగడ్డ చుట్టి పెడితే త్వరగా కరగదు కదా, అదే సూత్రం. రెండంగుళాల మందపు నురగ పలక, వేడి దాటకుండా ఆపడంలో సుమారు ఒక మీటరు మందం ఉన్న ఇటుక గోడతో సమానం. మన తాతల రెండు మూరల గోడ చేసిన పనిని ఒక అరచేతి మందం లేని పలక చేస్తున్నదన్నమాట. 2003లో దుబాయి నగరపాలక సంస్థ కొత్త భవనాలకు ఇటువంటి ఉష్ణరక్షణ తప్పనిసరి చేసింది. గల్ఫులో పూత పనికి వెళ్లిన మన తెలుగువాళ్లకు అక్కడ ఈ పని ఎదురుకావడంలో వింత లేదు.

మన దేశంలోనూ గాలి అటే వీస్తోంది. పెద్ద వాణిజ్య భవనాలు కరెంటును పొదుపుగా వాడేలా ఎలా కట్టాలో చెప్పే నియమావళి 2007లో వచ్చింది. నివాస గృహాల కోసం 'ఎకో నివాస్ సంహిత' 2018లో వచ్చింది. 2022లో ఇంధన పొదుపు చట్టాన్ని సవరించారు. పొరుగున తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించి, 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల పైకప్పును చల్లబరచాలని లక్ష్యం పెట్టుకుంది. అందులో 200 హైదరాబాదులోనే. ఇవన్నీ ఒక్క మాటే చెబుతున్నాయి. గోడనూ, కప్పునూ చూసే తీరు మారుతోంది. నునుపు ఒక్కటే చాలదు, చల్లదనం కూడా కావాలంటున్నారు.

అయితే నేను ఆ అబ్బాయికి కలలు అమ్మదలచుకోలేదు. ఉన్నమాట చెప్పాను. మన రాయచూరులో రేపు ఉదయమే ఈ పని దొరకదు. ఇల్లు కట్టుకునేవాడు ఇంకా గోడ కవచానికి డబ్బు పెట్టే దశకు రాలేదు. పైగా మన ఒకటి, రెండు అంతస్తుల ఇళ్లకు ఎండ ఎక్కువగా దిగేది కప్పు నుంచి. అందుకని ఇక్కడ ముందు పని కప్పుది. దాని తరవాత పడమటి గోడది. ఏసీ లేని ఇంటికి కవచం వేసి, రాత్రి కిటికీలు మూసుకుంటే లోపలి వేడి లోపలే ఉంటుంది. ఆ సంగతి ఇంటివారికి చెప్పగలిగినవాడే మంచి మేస్త్రీ. ఈ పని ప్రస్తుతం ఎక్కువగా దొరికేది పెద్ద నగరాల్లో, పెద్ద భవనాల్లో. మన పక్కనే శక్తినగర్‌లో 1985 నుంచి బొగ్గు మండుతోంది. ఆ బూడిదతో చేసే తేలికపాటి ఇటుకలు కూడా వేడిని కొంత ఆపుతాయి. వాటి గోడకు పూత పూసే తీరు వేరు. అదీ నేర్చుకోదగ్గదే.

ఇప్పుడు చరిత్రలోని చేదు పుటలు రెండు చెప్పాలి. వాటిని దాచిపెట్టి ఈ పని మంచిదని చెబితే మోసం చేసినట్లే.

2017 జూన్ 14న లండనులో గ్రెన్‌ఫెల్ టవర్ అన్న 24 అంతస్తుల భవనం తగలబడి 72 మంది ప్రాణాలు కోల్పోయారు. అంతకు ముందు సంవత్సరమే ఆ భవనానికి బయట కొత్త తొడుగు వేశారు. అది మనం చెప్పుకుంటున్న పూత రకం కాదు, లోహపు రేకుల తొడుగు. కాని ఆ రేకుల నడుమ ఉన్న ప్లాస్టిక్కు, వెనక ఉన్న మండే నురగ పలకలు కలిసి మంటను కింది నుంచి పైదాకా పాకించాయి. దుబాయిలో కూడా 2015 డిసెంబరు 31 రాత్రి ఒక పెద్ద హోటలు తొడుగు అలాగే భగ్గుమంది. థర్మాకోలు వేడికి కరుగుతుంది, నిప్పు తగిలితే మండుతుంది. అందుకే ఎత్తైన భవనాల్లో రాతి ఉన్ని పలకలు వాడాలి, లేదా అంతస్తు అంతస్తుకూ మండని పట్టీలు వేయాలి. ఆ పట్టీని పూత కింద కప్పేది ఎవరు? పూతవాడు. ఆ పట్టీ లేకుండా పూత పూయమంటే 'ఇది తప్పు' అని చెప్పగలగవలసింది కూడా అతనే.

రెండో పుట బ్రిటనుదే. అక్కడ ఇళ్ల చలి తగ్గించే ప్రభుత్వ పథకం కింద వేలాది ఇళ్లకు గోడ కవచం వేశారు. 2025 అక్టోబరులో అక్కడి జాతీయ ఆడిట్ కార్యాలయం లెక్క తేల్చింది. ఆ పథకం కింద బయటి గోడకు కవచం వేసిన ఇళ్లలో 98 శాతం ఇళ్లకు మళ్లీ బాగుచేయవలసిన పెద్ద లోపాలు ఉన్నాయట! సుమారు 22 వేల నుంచి 23 వేల ఇళ్లు. కారణాల్లో ఒకటి ఏమిటంటే, పనిని చేతులు మార్చి మార్చి, నేర్పు లేనివారికి, తగిన అర్హతపత్రం లేనివారికి అప్పగించడం. నీరు చొరబడి, గోడలు బూజుపట్టి, చలి తప్పించుకోబోయిన సంసారాలు తేమలో చిక్కుకున్నాయి.

ఈ వార్త చదివినప్పుడు నాకు బాధతోపాటు ఒక ఆలోచన కూడా కలిగింది. అంత ధనమున్న దేశంలో సరుకు కొరత లేదు, యంత్రాల కొరత లేదు. కొరత వచ్చింది పని తెలిసిన చెయ్యికే. అంటే ఈ పనిలో విలువ పలకది కాదు, చెయ్యిది. డంగు సున్నం రోజుల్లో ఉన్న లెక్కే మళ్లీ వచ్చింది.

మరి ఆ చెయ్యికి ఏం తెలియాలి? మామూలు సిమెంటు పూత తెలిసినవాడికి సగం పని తెలిసినట్లే. గోడ మట్టం చూడడం, మూల తీయడం, పరంజా మీద నిలకడగా పని చేయడం, ఇవన్నీ పాత విద్యే. మిగతా సగం కొత్తది. కొత్తది అంటే పాత అలవాటును మరిచిపోవడం కూడా.

మనం బయటి గోడకు 20 మిల్లీమీటర్ల దాకా మాలు కొడతాం. గోడ వంకరలన్నీ అందులో దాచేస్తాం. ఇక్కడ పూత అయిదారు మిల్లీమీటర్లు మాత్రమే. వంకరను దాచే చోటు లేదు. అందుకని గోడను ముందే పరీక్షించాలి. పెచ్చులు, దుమ్ము, తేమ ఉంటే పలక పట్టదు. జిగురును పలక అంచు చుట్టూ కట్టలా వేసి, నడుమ ముద్దలు పెట్టాలి. నాలుగు ముద్దలు మాత్రమే పెట్టి అతికిస్తే వెనక గాలి ఆడుతుంది, నిప్పు వస్తే అదే పొగగొట్టం అవుతుంది. పలకలను ఇటుకల్లా అతుకు తప్పించి పేర్చాలి. నడుమ సందు మిగిలితే మాలుతో పూడ్చకూడదు. అలా పూడిస్తే ఆ గీత వెంబడి వేడి లోపలికి నడిచి వస్తుంది. సందులో అదే పలక ముక్కను గాని, తగిన నురగను గాని దూర్చాలి. జాలీ ఒకదానిమీద ఒకటి నాలుగు అంగుళాలు ఎక్కాలి. కిటికీ మూలల దగ్గర అడ్డంగా అదనపు జాలీ ముక్క వేయాలి. లేకపోతే మొదటి వేసవికే అక్కడ పగులు వస్తుంది. మండే ఎండలో పూత పూయకూడదు. నీడ తెర కట్టుకోవాలి. ఇందులో ఏ ఒక్కటీ పని ముగిశాక పైకి కనిపించదు. కనిపించని చోట నిజాయితీగా ఉండడమే ఈ పనికి మూలం.

అతనికి నేను చెప్పినది ఇది. ముందు మేస్త్రీగా నీ విద్యకు ఒక కాగితం సంపాదించు. బడి చదువు లేకపోయినా, చేతిలో ఉన్న పనిని పరీక్షించి యోగ్యతాపత్రం ఇచ్చే ఏర్పాటు 2015లో మొదలైన కౌశల్ వికాస్ యోజనలో వచ్చింది. హైదరాబాదులో 1998లో నెలకొల్పిన జాతీయ నిర్మాణ విద్యాసంస్థ న్యాక్ ఉంది. కట్టడాల పనివారి సంక్షేమం కోసం 1996లో చట్టం వచ్చింది, కర్ణాటకలో సంక్షేమ మండలి ఏర్పడింది. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో కొత్త శ్రామిక స్మృతి అమలులోకి వచ్చింది. మండలిలో పేరు నమోదు చేయించుకో. మీ ఇంట్లో మాలు అందించే ఆడవారి పేర్లు కూడా చేయించు. వారు కూలీలు కారు, పనివారు.

విదేశం వెళ్లాలనుకుంటే 1983 నాటి వలస చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ ఉన్న ఏజెంటు ద్వారానే వెళ్లు. అతని నంబరు ప్రభుత్వ ఈ-మైగ్రేట్ జాబితాలో ఉందో లేదో చూడు. జీతం, పని పేరు, వసతి, తిరుగు ప్రయాణం కాగితం మీద ఉండాలి. ఆ కాగితంలో 'ప్లాస్టరర్' అని ఉందా, 'హెల్పర్' అని ఉందా అన్నది రెండుసార్లు చదువు. ఒక్క మాట తేడాతో మేస్త్రీ కొడుకు మళ్లీ తట్ట మోయవలసి వస్తుంది.

ఆ చివరి మాట అతనికి తగిలినట్లుంది. కాసేపు మాట్లాడలేదు. తరవాత ఆ ఏజెంటును నంబరు అడిగాడట. ఇదిగో అదిగో అంటూ పది రోజులు దాటవేసి, ఆ మనిషి మళ్లీ ఊళ్లో కనిపించలేదు. మన ఊరి డబ్బు మన ఊళ్లోనే మిగిలింది.

కొన్ని నెలలకు హైదరాబాదు నుంచి ఫోను వచ్చింది. ఒక పెద్ద భవనం దగ్గర ఈ పనిలో చేరాడట. "మొదటి నెల సహాయకుడిగానే పెట్టుకున్నరు సార్. కిటికీ మూల దగ్గర జాలీ ముక్క వేయకుండా పోతుంటే నేను ఆపిన. ఆ రోజు నుంచి మేస్త్రీ అంటున్నరు" అన్నాడు. అతని గొంతులో వినిపించిన సంతోషాన్ని నేను అక్షరాల్లో పెట్టలేను.

శ్రోతలారా, మట్టి పోయి సున్నం వచ్చింది. సున్నం పోయి సిమెంటు వచ్చింది. ఇప్పుడు నురగ పలక వస్తోంది. రేపు ఇంకేదో వస్తుంది. ప్రతి మార్పులోనూ కొందరు మేస్త్రీలు కూలీలయ్యారు, కొందరు కూలీలు మేస్త్రీలయ్యారు. తేడా సరుకులో లేదు. గోడ ఎందుకోసం ఉందో మరిచిపోని చెయ్యి ఎప్పుడూ పనిలోనే ఉంది. మన పిల్లల్లో ఎవరైనా తాపీ పట్టుకుంటే చిన్నతనంగా చూడకండి. పట్టుకున్నందుకు సంతోషించి, పూర్తిగా నేర్చుకోమని చెప్పండి. ఈ వేసవిలో మీ పడమటి గోడ మీద ఒకసారి చెయ్యి వేసి చూడండి. ఆ పనివాడి అవసరం ఎంతో ఆ వేడే మీకు చెబుతుంది.